మూల మడవని ఫిల్ము

అగ్గిపెట్టె బాబాయి ఒకసారి కెమెరా మింగేశాడు. మింగి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. మూడు రోజులపాటు లోపలి నుంచే ఫోటోలు తీశాడు. పొట్టలో కుడివైపు గోడ, ఎడమవైపు గోడ, మధ్యాహ్నం తిన్న బఠానీలు, మొత్తం ఇరవై బొమ్మలు, ఒక్కటి కూడా చెదరలేదు.

మరీ అంత కాదు. మింగింది కెమెరాను కాదు, కెమెరాలోని ఒక మరమేకును, అంటే స్క్రూను. నువ్వుగింజలో సగం ఉంటుంది. అలాంటి మరలను పెదవుల మధ్య పట్టుకుని పనిచేయడం ఆయన అలవాటు. పక్కగదిలోంచి భార్య ఏదో అడిగింది, ఈయన "ఊఁ" అన్నాడు, మర లోపలికి జారింది. ఫోటోల ముక్క ఎవరో కల్పించారు. ఎవరన్నది ఇప్పుడు అనవసరం. మూడు రోజులన్నది మాత్రం నిజం. ఆ మూడు రోజులూ ఆయన మర కోసం వెతికిన చోటు గురించి మర్యాదస్తులు మాట్లాడుకోరు.

ఆయన దగ్గరున్న కెమెరాలన్నీ అగ్గిపెట్టె అంతవే. గుప్పిట మూస్తే కనపడవు. అందుకే వీధివీధంతా ఆయన్ని అగ్గిపెట్టె బాబాయి అంటుంది, ఆయన భార్య అందరికీ పిన్ని అయింది. సొంతంగా పందొమ్మిది కెమెరాలున్నాయి. అన్నీ ఆయన పుట్టకముందో, నిక్కర్లు వేసుకునే రోజుల్లోనో తయారైనవి. వాటిలో పట్టే సన్నటి ఫిల్ము చేయడం ఏనాడో మానేశారు. అందుకని బాబాయి మామూలు ఫిల్ము కొని, చెక్కదిమ్మెలో రెండు బ్లేడ్లు బిగించి, వాటి మధ్యనుంచి లాగి నిలువునా చీలుస్తాడు. ఈ పని పూర్తి చీకట్లో జరగాలి. పిన్ని తన పాత నల్లకోటు అంచులన్నీ రెండు వరసలు కుట్టేసి చీకటి సంచి చేసి ఇచ్చింది. బాబాయి ఆ కోటు చేతుల్లోకి తన చేతులు దూర్చి, కళ్ళు మూసుకుని, తల పక్కకు వాల్చి కూర్చుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన ఎవరినో కౌగిలించుకున్నాడనుకుని గుమ్మంలోనే ఆగిపోతారు.

పొట్ట గడిచేది మాత్రం పళ్ళతో. కట్టుడు పళ్ళు చేసే షాపులో ముప్పై ఒక్క ఏళ్ళుగా మైనంతో చిగుళ్ళు మలుస్తున్నాడు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ నవ్వుల్లో సగం ఆయన చేతివే. పళ్ళు గీకే సన్నటి కొక్కేలు, పట్టకార్లు, కంటికి తగిలించుకునే భూతద్దం, అన్నీ షాపులో అరిగాక ఇంటికి వస్తాయి. వంటగదికీ పడగ్గదికీ మధ్య నడవాలో కిటికీ కింద ఒక బల్ల ఉంది. వెడల్పు మూరెడు. ఆయన ఆదివారాలన్నీ ఆ మూరెడులోనే గడుస్తాయి.

ఆ చిన్న కెమెరాల పనితీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొంప మునిగింది అక్కడే. వాటిలో రెండు డబ్బీలుంటాయి, ఒక్కొక్కటి చిటికెన వేలి కణుపంత. ఫిల్ము మొదటి డబ్బీలోంచి బయటికొచ్చి, కటకం వెనకగా నడిచి, రెండో డబ్బీలో చుట్టుకుంటుంది. కెమెరాను రెండు వేళ్ళతో లాగి మూస్తే ఒక బొమ్మ మేర జరుగుతుంది. అంతా అయ్యాక రెండో డబ్బీని తీసేసి ఫిల్ము కడుక్కోవాలి. చిక్కేమిటంటే ఆ డబ్బీలు రెండూ కవలలు. ఫోటోలు తీసిన ఫిల్ము ఉన్న డబ్బీకీ, కొత్త ఫిల్ము నింపిన డబ్బీకీ కన్నతల్లి కూడా తేడా చెప్పలేదు. రెండింట్లోంచీ ఫిల్ము కొస నాలుకలాగా బయటికి కనిపిస్తూ ఉంటుంది, అంతే. అందుకని ఒక నియమం: ఫోటోలు తీసేసిన ఫిల్ము నాలుక మూల మడవాలి. మడత ఉంటే తీసింది, లేకుంటే కొత్తది. చీకటి సంచిలో ఉన్నా బొటనవేలు చెప్పేస్తుంది.

ఆ నియమం పెట్టింది బాబాయీ, వాళ్ళ బావా కలిసి. బావ అంటే అక్క మొగుడు. బస్సుల డిపోలో వేళల బోర్డులు రాసేవాడు. ఏ బస్సు ఎన్నింటికో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. కెమెరాల విషయంలో ఇద్దరిదీ ఒకటే సంసారం. బావ ఫోటోలు తీసేవాడు, బావమరిది బాగుచేసేవాడు. బావ మూల మడవడం మరిచిపోయిన ప్రతిసారీ బాబాయి, "ఇంతింత బోర్డులు గుర్తుంటాయి, ఇంత మడత గుర్తుండదా బావా?" అని ఏడిపించేవాడు.

చివరి ఏడాది ఆ మాట అనడం మానేశాడు. బావకు మడత ఒక్కటే కాదు, వీధి మలుపు, సొంత చొక్కా, అన్నం తిన్న సంగతి ఒక్కొక్కటే జారిపోయాయి. ఆపైన జలుబు ఊపిరితిత్తుల్లోకి దిగి పది రోజుల్లో పోయాడు.

పోయిన నాలుగు నెలలకు, ఒక ఆదివారం పొద్దున, అక్క చేతిరుమాలులో ముడేసిన ఒక కెమెరా తెచ్చి బల్లమీద పెట్టింది.

"కోటు లోపలి జేబులో దొరికిందిరా. లాగితే రావట్లేదు."

"లాగావా?"

"లాగకపోతే రావట్లేదని ఎలా తెలుస్తుంది?"

బాబాయి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపాడు. లోపల స్ప్రింగు ముక్క ఒకటి చిన్నగా గలగలమంది. "విరిగింది. చేస్తాలే."

"కెమెరా సంగతి తర్వాత. ఇందులో ఫిల్ము ఉందా?"

"ఉన్నట్టే ఉంది."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెది ఊరికే కూర్చునే ఒళ్ళు కాదు. కూర్చుందంటే ఏదో ఉందన్నమాట. వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న పిన్ని కూడా కత్తి ఆపింది.

"మంచం పట్టకముందు రెండు నెలలు, మూడు కొట్టేసరికి చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. అయిదింటికి వచ్చేవాడు. ఎక్కడికని అడిగితే నవ్వేవాడు. వెనకాలే వెళ్దామంటే నా మోకాళ్ళు నా మాట వినవు. మొన్న పక్కింటావిడ నన్ను ఓదార్చడానికి వచ్చింది. 'పోనీలే వదినా, మగాళ్ళకి అన్నీ మర్చిపోయినా ఆ గుమ్మం ఒక్కటి గుర్తుంటుంది' అంది. అది ఓదార్పట."

"ఆవిడకేం పని లేదా?"

"లేకేం. ఇదే పని." అక్క కెమెరా వైపు చూసింది. "నలభై రెండేళ్ళు కాపురం చేశాన్రా. ఆయన ఎన్నింటికి తుమ్ముతాడో కూడా నాకు తెలుసు. ఈ రెండు గంటలు మాత్రం తెలియకుండా పోయాయి. పడుకుంటే అవే. ఎక్కడికెళ్ళినా ఇది జేబులో ఉండేది కదా, అక్కడేదో తీసే ఉంటాడు. కడిగిచ్చెయ్. ఎవరైనా ఉంటే ఉండనీ. తెలిస్తే పడుకుంటాను."

బాబాయి భూతద్దం కంటికి తగిలించుకున్నాడు. చూడాల్సినదేమీ లేదు, అక్కకు కళ్ళు కనపడకూడదని.

ఆ రెండు గంటల్లో కొంచెం ఆయనకు తెలుసు. ఒక మధ్యాహ్నం మూడింటికి బావ పళ్ళ షాపుకు వచ్చాడు. "నా కెమెరా అయిందా?" అన్నాడు. కెమెరా ఆయన జేబులోనే ఉంది. బాబాయి తీసి చూపించాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే ప్రశ్న. మూడోనాడు షాపు యజమాని తలెత్తి చూశాడు. నాలుగోనాడు పళ్ళ కొలతలివ్వడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నోరు తెరిచి ఉండగానే నవ్వాడు, ప్లాస్టరు అచ్చు పాడైంది. ఆరోజు సాయంత్రం బాబాయి, షాపులో ప్లాస్టరు పోసే అతన్ని పక్కకు పిలిచాడు. అతని పేరు సున్నం. తలనిండా తెల్లపొడితో డెబ్బై ఏళ్ళవాడిలా ఉంటాడు, కడిగితే ముప్పై అయిదు. "రేపటినుంచి మా బావ వస్తే నేను లేనని చెప్పు" అన్నాడు బాబాయి. అయిదోనాడు మూడింటికి మైనం గదిలోంచి ప్లాస్టరు గదిలోకి వెళ్ళి తలుపు వెనక నిలబడ్డాడు. సున్నం గేటు దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చాడు. ఆ తర్వాత బావ గేటు తీసిన చప్పుడు వినపడలేదు. పోనీలే, ఇంకెక్కడికో వెళ్తున్నాడు కాబోలు అనుకున్నాడు. మంచాన పడ్డ పది రోజులూ పక్కనే కూర్చున్నాడు కానీ, ఆ తలుపు సంగతి అక్కకు చెప్పలేదు.

ఇప్పుడూ చెప్పలేదు. కెమెరాను చీకటి సంచిలో పెట్టి, చేతులు దూర్చి, లోపలే మూత తీశాడు. మధ్యలో ఆగిపోయిన ఫిల్మును వేలితో తిప్పి మొత్తం రెండో డబ్బీలోకి చుట్టాడు. నాలుక బయటికి ఉంచాడు. అంతవరకు చేతులు తమ పని తాము చేశాయి. మనసు మాత్రం ప్లాస్టరు గది తలుపు వెనకే ఉంది.

"ఏమండీ, వదినగారు వెళ్తున్నారు. ఆ కోటులోంచి బయటికి రండి" అంది పిన్ని.

"ఎంతసేపు పడుతుందిరా?" అని గుమ్మంలోంచి అక్క.

"వారం" అంటూ బాబాయి చేతులు లాక్కున్నాడు. డబ్బీని, కొత్తవీ తీసినవీ అన్నీ ఉండే బిస్కెట్ల రేకుడబ్బాలో వేసి మూతపెట్టి, అక్కను వీధి చివరిదాకా దిగబెట్టడానికి వెళ్ళాడు.

మూల మడవలేదు.

స్ప్రింగు చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎగుడుదిగుడు పళ్ళను సరిచేసే సన్నటి తీగ ఉంటుంది చూడండి, దాని ముక్కను మంటలో కాల్చి, సూదికి చుట్టి, కత్తిరించి, పదకొండోసారికి కుదిరించాడు. కెమెరా లాగితే తేనెలా వచ్చింది. బాగుచేసిన ప్రతి కెమెరాకూ ఒక పరీక్ష ఉంటుంది. రేకుడబ్బాలో చేయిపెట్టి, మడత లేని నాలుక ఒకటి వేలికి తగలగానే ఆ డబ్బీని ఎక్కించాడు. ముందు కిటికీ ఊచలు, తర్వాత గోడగడియారం, గోడకు అంటించిన పాత పేపరు, చివరికి పొయ్యి దగ్గర పిన్ని. ఒక్కోదాన్ని అయిదేసి సార్లు.

"నన్నెందుకు ప్రతిసారీ?" అంది పిన్ని. ఆమె ఒంటిమీద నల్ల స్వెటరు ఉంది, చలికాలమంతా అదే.

"కదిలే వస్తువు కావాలి."

"వస్తువునా?"

"కదలకు."

ఇరవై అయ్యాయి. డబ్బీ తీసి, నాలుక మూల బుద్ధిగా మడిచి, బల్లమీద పెట్టాడు. ఇక బావ ఫిల్ము కడుగుదామని రేకుడబ్బాను బల్లమీద బోర్లించాడు. మడత ఉన్నది ఒక్కటీ లేదు. మడత లేనివి ఆరు. పోయిన నెల కొత్త ఫిల్ము నింపిపెట్టింది ఆరు డబ్బీలే. ఆరూ ఉన్నాయి. మరి ఇందాక కెమెరాలో ఎక్కించింది ఏది?

వేలితో మళ్ళీ ఆరూ తడిమాడు. కుర్చీ కింద, రేకుడబ్బా అడుగున, చొక్కా జేబులో చూశాడు. ఆ తర్వాత కదలకుండా కూర్చుండిపోయాడు. భుజం మీద చేయిపడేదాకా పిన్ని వచ్చినట్టు తెలియలేదు.

"మళ్ళీ ఏం మింగారు?"

ఆయన చెప్పాడు. మొదట ఫిల్ము సంగతి చెప్పాడు. నోరు ఒకసారి తెరుచుకున్నాక ప్లాస్టరు గది తలుపు సంగతీ దానంతటదే వచ్చేసింది. పిన్ని అంతా విని, తడిచేతులు స్వెటరుకు తుడుచుకుంది.

"మూల మడవడం మర్చిపోయాను. నేను" అన్నాడాయన. "బావకి కూడా ఇలాగే మొదలైంది."

"మీ బావగారిది మరుపు. మీది భయం. రెండూ ఒకటి కాదు. ముందు కడిగి చూడండి, ఎంత మిగిలిందో."

కట్టుడు పళ్ళు నానబెట్టే డబ్బా ఒకటి ఉంది, బయటంతా నల్లరంగు పూసి, మూతకు రబ్బరు వేసి, ఫిల్ము కడిగే తొట్టిగా మార్చుకున్నాడు. మందు పోసి, నిమిషాలు లెక్కపెట్టి, నీళ్ళు మార్చి, ఫిల్మును స్నానాలగది కిటికీకి బట్టల క్లిప్పుతో వేలాడదీశాడు. జానెడున్నర పొడవు, వేలంత వెడల్పు. భూతద్దం తగిలించుకుని దగ్గరికి వెళ్ళాడు. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉన్న బొమ్మలను ఆయన మామూలు మనుషులు పేపరు చదివినట్టు చదువుతాడు.

మొదటి మూడు బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. కిటికీ ఊచలు, కిటికీ ఊచలు, కిటికీ ఊచలు. నాలుగోదాంట్లో ఊచల మధ్య ఇంకేదో ఉంది. బావ పదిహేడు బొమ్మలు తీశాక స్ప్రింగు విరిగిందన్నమాట, మిగిలిన మూడూ వాడనివి. ఫిల్ము కొసవైపు నుంచి మళ్ళీ ఎక్కింది కాబట్టి బావ చివరి బొమ్మమీద ఈయన నాలుగోది పడింది, అక్కడినుంచి వెనక్కి, బావ మొదటిదానిమీద ఈయన చివరిది. పైగా బావ చూసిన లోకమంతా తలకిందులుగా ఉంది. గడియారం ముల్లులో ఒక చెట్టుకొమ్మ. పేపరు అక్షరాల్లో ఒక గోడ. వెలుతురున్న చోటల్లా రెండు బొమ్మలూ కలిసి ముద్దయ్యాయి. పదిహేడు మధ్యాహ్నాలు, వాటిమీద తన వంటిల్లు. బాబాయి స్నానాలగది నీళ్ళతొట్టి అంచుమీద కూర్చున్నాడు.

కాసేపయ్యాక చివరి అయిదూ చూశాడు. అవి పిన్నివి. నల్ల స్వెటరునుంచి ఫిల్ముకు వెలుతురు రాలేదు కనుక, అక్కడ మాత్రం బావ బొమ్మ చెక్కుచెదరకుండా ఉంది. ఫిల్ము తలకిందులు చేసి పట్టుకున్నాడు. స్వెటరు మధ్యలో ఒక గేటు. గేటు పైన రెండు వేర్లున్న పెద్ద పన్ను.

అది వాళ్ళ షాపు బోర్డు. రెండడుగుల ఎత్తు రేకు పన్ను, ఒక వేరుకు తుప్పు.

రెండో స్వెటరులోనూ అదే గేటు. మూడోదాంట్లో గేటు ముందు నీటిగుంట, అంటే వాన. అన్నింట్లోనూ కింద మూలన ఇనుప బెంచీ చెయ్యి ఒకటి కనపడుతోంది. షాపుకు ఎదురుగా వీధి అవతల ఉన్న బెంచీ అది. నాలుగోదాంట్లో గేటు లేదు. షాపు కిటికీ ఉంది. కిటికీ వెనక నుదుటిమీద భూతద్దం ఎత్తిపెట్టుకున్న మనిషి, చేతిలో మైనపు చిగురు, తల వంచుకుని పనిచేసుకుంటున్నాడు. అయిదోదీ అదే. తన బట్టతల తనకు తెలియకపోతుందా.

మర్నాడు షాపులో సున్నాన్ని అడిగాడు. "నేను లేనని చెప్పించాక మా బావ మళ్ళీ రాలేదు కదా?"

"లోపలికి రాలేదు."

"అంటే?"

"ఎదురుగా బెంచీమీద కూర్చునేవాడు. మూడు నుంచి అయిదు దాకా."

"ఎన్నాళ్ళు?"

"రోజూ. వాన పడ్డప్పుడు నా గొడుగు కూడా ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ తిరిగిచ్చేశాడు, అదేం మర్చిపోలేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

సున్నం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "లేరని చెప్పమన్నారు. చెప్పాను. కూర్చున్నాడని చెప్పమనలేదు కదా మీరు."

ఆ సాయంత్రం బాబాయి అయిదు స్వెటర్లనూ అరచేయంత కాగితాలమీద అచ్చు తీశాడు. ఆరాక వాటిని ఒక జేబులో పెట్టుకున్నాడు. ఇంకో జేబులో, అంటే మనసులో, ఒక అబద్ధాన్ని తయారుచేసుకున్నాడు. కట్టుడు పళ్ళంత నున్నగా వచ్చింది. ఫిల్ము పాతబడింది, మొత్తం నల్లబడిపోయింది, ఏమీ లేదు. ఎవరూ తప్పు పట్టలేరు. పాత ఫిల్ములు నల్లబడతాయి.

"అదే చెప్తారా?" అంది పిన్ని.

"చెప్తే అక్క పడుకుంటుందా? తమ్ముడు తలుపు వెనక దాక్కున్నాడని తెలిస్తే పడుకుంటుందా?"

"మీరు చెప్పకపోతే పక్కింటావిడ చెప్పింది మిగులుతుంది. పోయినాయన మీద నింద, బతికున్న మీకు మర్యాద. బాగుంది."

"నువ్వు నా పెళ్ళానివా, అక్క తరఫు వకీలువా?"

"స్వెటరు నాది. సాక్షిని."

మర్నాడు అక్క ఇంట్లో బల్లమీద బావ రంగుకుంచెలు వరసగా పరిచి ఉన్నాయి, ఆమె ఒక్కోదాన్నీ గుడ్డతో తుడుస్తోంది. ఎండిపోయిన కుంచెలు ఎంత తుడిచినా మెత్తబడవు. ఆమెకూ తెలుసు.

"తేలిందా?" అంది తలెత్తకుండా.

కాన్వెంట్ బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా బాబాయి నిటారుగా నిలబడి మొత్తం ఒప్పజెప్పాడు. పాతబడింది అక్కా. నల్లబడింది. ఏమీ లేదు.

అక్క కుంచె కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చేయలేదు. "సరేలే. అయితే ఆవిడ చెప్పిందే అనుకోవాలి" అంది. కొట్లో సరుకు లేదంటే ఇంకో రకం తీసుకునే మనిషి గొంతు. ఇంకో కుంచె అందుకుంది. "ఎవరో ఏమో, ఆయనకి అన్నం పెట్టి ఉంటుంది. మూడింటికి ఆకలేసేది ఆయనకి."

బాబాయి చేయి జేబులోకి వెళ్ళి బొమ్మలు తీసి కుంచెల పక్కన పెట్టేసింది. ఆయన అప్పటికింకా నిర్ణయించుకోలేదు.

అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఇది మీ ఆవిడ కదూ. పొట్టమీద పన్ను మొలిచిందేంట్రా?"

"నేను ఫిల్ము పాడుచేశానక్కా. మూల మడవలేదు. ఒకదానిమీద ఒకటి పడ్డాయి. తలకిందులుగా తిప్పి చూడు."

తిప్పింది. ఒకటి చూసింది, రెండోది చూసింది. మూడోదానిలో వాననీటిమీద వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ఇది మీ షాపు."

"అవును."

నాలుగోది కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. కిటికీలో తల వంచుకున్న మనిషిని చాలాసేపు చూసింది.

"నువ్వు లోపలే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఆయన్ని చూడలేదా?"

"మొదటి నాలుగు రోజులు చూశాను. అయిదోనాడు లేనని చెప్పించాను. ప్లాస్టరు గదిలో నిలబడ్డాను. ఆ తర్వాత రోజూ బయట కూర్చున్నాడని నిన్ననే తెలిసింది."

గోడగడియారం మీద ఇద్దరి చూపూ ఒక్కసారే పడింది.

"ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఒకటే మాట అనేవాడు" అంది అక్క. "'వాడికి తీరిక లేదే పాపం, పని ఎక్కువగా ఉంది' అని. ఎవడికి అంటే చెప్పేవాడు కాదు. రోజూ అంతే. జాలిపడేవాడు. నేను నోరు మూసుకుని కాఫీ తాగమనేదాన్ని."

బాబాయి బొమ్మలవైపు చేయి చాపాడు.

"ఇంటికి వెళ్ళు" అంది అక్క. బొమ్మలు మాత్రం తిరిగివ్వలేదు.

తొమ్మిది రోజులు కబురు లేదు. ఆ తొమ్మిది రోజుల్లో బాబాయి కెమెరా ముట్టుకోలేదు, ఒక పెద్దావిడకు కుడి పళ్ళు ఎడమవైపు పెట్టాడు, రెండుసార్లు మైనం చేతిమీద పోసుకున్నాడు. పిన్ని వెళ్ళి అక్కను చూసి వచ్చింది. "ఎలా ఉంది?" అంటే, "పడుకుంటున్నారు" అంది. "నా గురించి?" అంటే, "పడుకుంటున్నారని చెప్పాను కదా" అంది.

పదోనాడు మూడు దాటాక సున్నం మైనం గదిలోకి తొంగిచూశాడు. "మీ అక్కగారు ఎదురు బెంచీమీద కూర్చున్నారు. ఈసారి ముందే చెప్తున్నాను."

బాబాయి చేతిలోని చిగురును అలాగే పట్టుకుని బయటికి వెళ్ళాడు. వీధి దాటాడు. అక్క మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, షాపు కిటికీ వైపు చూస్తోంది. బావ కెమెరాలో కనపడ్డ కిటికీ. ఈయన బెంచీ రెండో కొసన కూర్చున్నాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు.

"ఎలా వచ్చావు? మోకాళ్ళు?"

"నొప్పిగానే ఉన్నాయి." కిటికీ వైపు గడ్డం ఊపి, "ఇక్కడినుంచి నీ బట్టతల బాగా కనపడుతుంది" అంది.

"అవును."

"పని అయిందా?"

"లేదు."

"అయితే వెళ్ళు."

"కూర్చుంటాను."

అక్క కూర్చోమనలేదు, లేవమనలేదు. మైనపు చిగురు ఎండకు మెత్తబడి ఆయన అరచేతిలో ఆకారం పోగొట్టుకుంది. అయిదింటికి ఆమె, ఆయన చేయి పట్టుకోకుండా, బెంచీ చేయి పట్టుకుని లేచి, ఇంటిదారి పట్టింది. మర్నాడు మూడింటికి మళ్ళీ వచ్చింది. ఆయనా వచ్చాడు. అలా ఎన్నాళ్ళు నడిచిందో తెలిసినవాడు సున్నం ఒక్కడే. అతను ఎవరు ఏం చెప్పమంటే అదే చెప్తాడు, అడగనిది చెప్పడు.

ఈ కథంతా చదివి వినిపిస్తే అగ్గిపెట్టె బాబాయి పట్టకారు కూడా దించలేదు. ఇందులో ఒక్క ముక్క నిజం కాదన్నాడు. మా షాపుకి ఎదురుగా బెంచీ లేదు, ఉన్నా దానిమీద ఎవరూ కూర్చోరు, అక్కకి నాకు ఎప్పుడూ మాట తేడా రాలేదు, ఆ ఫిల్ము పాతబడి నల్లబడింది, కావాలంటే మీ పిన్నిని అడగండి అన్నాడు. పిన్ని పొయ్యి దగ్గరినుంచి తల తిప్పలేదు.

"అన్నిటికన్నా పెద్ద అబద్ధం ఇంకోటుంది, అది ఎవరు రాశారో గానీ కొట్టెయ్యండి" అన్నాడు. "మా బావకి మతిమరుపు లేదు."